ఊనిక నెరిగిన పలుకు

వార్ధా వైన్‌గంగలు రెండును దక్షిణమునకు దిగి ప్రాణహిత యను పేర ఏకమగు దిక్కున, మహారాష్ట్రము తెలంగాణమును తాకు అంచున నున్న గోండ్‌పిప్రి తాలూకాలో, తెలుగు ఇంటిభాషగా గల పిల్లవాడు బడిగడప తొక్కకమునుపే మూడు భాషల ధ్వనులను చెవిని వేసికొనును. ఇంటిలో అమ్మ తెలుగు. వీధిలోను, తహసీలు కచేరిలోను, చంద్రపూర్ పోవు ఎస్టీ బస్సులోను మరాఠీ. సంతకు వచ్చు గోండుల నోట తెలుగునకు తోబుట్టువైన గోండి. మహారాష్ట్ర ప్రభుత్వము 2000 సంవత్సరమున ఒకటవ తరగతినుండియే ఇంగ్లీషును పాఠ్యాంశముగా జేసిన పిదప నాలుగవ భాషయు పలకమీదికి వచ్చినది. ఇన్ని భాషలను అవలీలగా మోయు నాలుక, నాగపూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగపు ఇంటర్వ్యూ గదిలో కూర్చుండి నాలుగు ఇంగ్లీషు వాక్యములు పలుకవలసి వచ్చినప్పుడు మాత్రము బిగుసుకొనిపోవుచున్నది. వ్యాకరణము కొంత వచ్చును, పదములును తగినన్ని తెలియును. ఐనను తాను పలికిన మాట ఎదుటివానికి అందుచున్నదో లేదో యను శంక అతనిని వెనుకకు లాగుచుండును. ఆ శంకను పోగొట్టుకొనుటకు వలయు సాధనములలో సగము ఈ సరిహద్దు తెలుగువాని నోట ఇదివరకే కలవనియు, తక్కిన సగములో ముఖ్యమైనది ఊనిక యనియు ఈ అధ్యాయమున చూపదలచినాను.

మొదట గమ్యమును సరిగా నిర్ణయించుకొందము. ఇంగ్లీషువానివలె పలుకవలెనను కోరిక మనకు అక్కరలేదు. డేనియల్ జోన్స్ 1917లో ప్రకటించిన ఉచ్చారణ నిఘంటువు, ఇంగ్లండు దక్షిణభాగమున ఆవాస పాఠశాలలలో చదివినవారి కుటుంబములలో వినబడు మాటతీరును ప్రమాణముగా గైకొన్నది. ఆ తీరున పలుకువారు ఇంగ్లండులోనే కొద్దిమంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున స్పాల్డింగ్ ఆచార్యపీఠము నధిష్ఠించి, ఆ దేశపు విద్యార్థులకు వారి భాషలోనే మన తత్త్వశాస్త్రమును బోధించినప్పుడు, ఆయన పలుకులోని దక్షిణదేశపు ఛాయ అటులనే యుండెను. దానివలన ఆయన మాట వినువారికి అందకపోలేదు. యాస వేరు, అస్పష్టత వేరు. యాసను దాచుటకై పడు శ్రమ చాలవరకు వ్యర్థము; అంతకన్న హీనము, తెచ్చిపెట్టుకొన్న యాసతో తన జిల్లా పేరునే వంకర త్రిప్పి పలుకుట. చంద్రపూరును మనము ఎట్లు పలుకుదుమో అట్లే ఇంగ్లీషు వాక్యమునందును పలుకవలెను. అది మన ఊరి పేరు, దాని ఉచ్చారణమునకు ప్రమాణము మనమే.

హైదరాబాదున 1958లో స్థాపింపబడిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ నేడు ఇఫ్లూ అను విశ్వవిద్యాలయముగా పెరిగియున్నది. అచట పనిచేసిన ఆచార్య ఆర్. కె. బన్సల్, భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు బోధపడునో పరీక్షించి వ్రాసిన గ్రంథము 1969లో వెలువడినది. వినువారికి మాట అందకపోవుటకు ఆయన చూపిన ప్రధానకారణములలో, పదమునందు ఊనిక పడవలసిన చోట పడకపోవుట యొకటి. మన బడులలో దంతముల నడుమ నాలుక నుంచు విద్యకై వెచ్చించు కాలములో కొంత ఊనికకు మళ్లించినచో ఎంత బాగుండును! ఆ సంగతికి మరల వత్తును. అంతకుముందు నోటికి ఇదివరకే తెలిసిన విషయములను ముగింతము.

ఇంగ్లీషు పదములను తెలుగు లిపిలో వ్రాసికొని వల్లించు అలవాటు మన ఉచ్చారణకు మొదటి శత్రువు. బస్టాండులలో అమ్ము ‘ముప్పది దినములలో ఇంగ్లీషు’ తరహా పుస్తకములు ఈ అలవాటునే పెంచి పోషించుచున్నవి. తెలుగు లిపి తెలుగునకు అమరినట్లు ఇంగ్లీషునకు అమరదు. ‘వెస్ట్’ అని వ్రాసినచో పడమటి దిక్కో చొక్కా లోపలి బనియనో తేలదు. ‘బ్యాంకు’ అని వ్రాయునప్పుడు మనము ఒక యకారమును పెట్టుచున్నాము. ఇంగ్లీషు పదములో యకారమే లేదు, ఎకారమునకును ఆకారమునకును నడుమ నోరు వెడల్పుగా తెరచి పలుకు అచ్చు ఒకటి యున్నది. దానికి తెలుగున గుర్తు లేదు. మరాఠీవారు కల్పించుకొన్నారు. గోండ్‌పిప్రి వీధిలో నిలిచి బ్యాంకు బోర్డు చూడుడు: మొదటి అక్షరముపైన చుక్కతో గూడిన చంద్రవంక యుండును. డాక్టరు బోర్డుమీదను ఆఫీసు బోర్డుమీదను ఆకారపు గీతపైన అదే చంద్రవంక. అది పెదవులు గుండ్రముగా చేసి పలుకు వేరొక అచ్చునకు గుర్తు. దినమును ఆ బోర్డుల క్రిందనుండి నడచువాడు, ఈ రెండు అచ్చులకును వేరువేరు గుర్తులు కన్నులయెదుటనే యుండగా, ఇంటికి వచ్చి తెలుగు గుణింతముతో ఇంగ్లీషు వ్రాసికొనుట వింతగా తోచును. పోనిండు, ఆ మొదటి అచ్చు మన నోటికి క్రొత్తదియా యన్నచో అదియు కాదు. వాడుకభాషలో ‘వచ్చాడు’, ‘తెచ్చాడు’ అనునప్పుడు చాలమంది తెలుగువారి నోట వెలువడు దీర్ఘాచ్చు ‘వాడు’ అను మాటలోని ఆకారము కానే కాదు. చెవి యొగ్గి వినుడు. ఆ అచ్చునే పట్టుకొని కొంచెము కురుచచేసినచో ఇంగ్లీషు బ్యాంకు వచ్చును.

రెండవది పదాంతమున మనము తగిలించు ఉకారము. తెలుగు అజంతభాష యని మనము గర్వింతుము. ఆ గర్వము న్యాయమైనదే. ఇంగ్లీషు పదము మన ఇంటికి వచ్చినప్పుడు చివరి హల్లును ద్విత్వము చేసి, దానికొక ఉకారమును చేర్చి, ‘బస్సు’, ‘బుక్కు’, ‘కప్పు’ అని మన పౌరసత్వ మిచ్చితిమి. తెలుగు వాక్యములో అట్లు పలుకుటయే ఒప్పు. ‘బస్ వచ్చింది’ అని విరిచి పలుకువాడు నాకు కొంత అతిగా తోచును. కాని అదే సంస్కారము ఇంగ్లీషు వాక్యములోనికి వెంటబడి వచ్చి, ‘ద బస్సు యీజు లేటు’ అనిపించినప్పుడు, నాలుగక్షరముల వాక్యము ఏడక్షరములై, ఎక్కడ పదము ముగిసినదో వినువానికి తెలియకుండ పోవును. దీనికి మందు పుస్తకములలో వెదకవలసిన పని లేదు. గోండ్‌పిప్రి తెలుగువాడు మరాఠీ మిత్రుని కూర్చుండుమని చెప్పునప్పుడు ‘బస్’ అనును, ‘బస్సు’ అనడు. ‘ఘర్’, ‘హాత్’, ‘దూధ్’ అనును. ‘ఘరు’, ‘హాతు’, ‘దూధు’ అని యెన్నడును అనడు. ఆ ‘బస్’ అనునప్పుడు సకారము ముగిసిన క్షణమున పెదవులు ముందుకు రాక ఉన్నచోటనే నిలిచిపోవుట అద్దమున చూచుకొనుడు. ఇంగ్లీషు బస్సును ఆ మరాఠీ ‘బస్’ వలె పలుకుడు, పని ముగిసినది. ఆదిలాబాదు లోపలి పల్లెలలో మరాఠీ వినక పెరిగినవానికి వారములు పట్టు అభ్యాసము మీకు ఒక పూటలో పట్టుబడును.

పదాంత హల్లులలో మరియొక చిక్కు భూతకాల క్రియలది. పనిచేసితిని, అడిగితిని అను నర్థములలో మనవారు ‘వర్కెడ్’, ‘ఆస్కెడ్’ అని రెండక్షరములుగా చదువుదురు. వ్రాత అట్లే యున్నది గావున తప్పు వారిది కూడ కాదు. ఇచట చిన్నయసూరి మనకు తోడ్పడును. ఆయన 1858లో ప్రకటించిన బాలవ్యాకరణము చదివిన వారందరును పరుషములు, సరళములు అను పేర్లు ఎరుగుదురు: క చ ట త పలు పరుషములు, గ జ డ ద బలు సరళములు. ఇంగ్లీషు క్రియ పరుషము వంటి శ్వాసధ్వనితో ముగిసినచో దానిపై భూతకాల చిహ్నము పరుషమైన టకారముగ, ‘వర్క్‌ట్’, ‘హెల్ప్‌ట్’ అని వినబడును. సరళముతోగాని అచ్చుతోగాని ముగిసినచో సరళమైన డకారముగ, ‘బెగ్డ్’, ‘ప్లేడ్’ అని వినబడును. టకార డకారములతోనే ముగిసిన క్రియలకు మాత్రము ‘వాంటిడ్’, ‘నీడిడ్’ అని ప్రత్యేకముగ ఒక యచ్చు చేరును. బహువచనపు సకారమును ఇట్లే: పిల్లులు ‘క్యాట్స్’, కుక్కలు ‘డాగ్స్’ అని ఒకే తీరున వ్రాసినను, రెండవదాని చివర మ్రోయునది సకారము కాక ‘ౙడ’ యందలి తొలి హల్లునకు దగ్గరి చుట్టము. పరుషసరళముల సంధులను చిన్ననాట కంఠస్థము చేసి విసిగిన వారికి ఆ చదువు ఇంగ్లీషున ఇట్లు అక్కరకు వచ్చుట ఒక ఓదార్పు.

‘ౙడ’ ప్రసంగము వచ్చినది గావున దానిని ఇచటనే ముగింతును. ‘జీతము’ అనుటలోని జకారము తాలువున పుట్టును; ‘జడ’ అనుటలోనిది దంతమూలమున పుట్టును. మరాఠీలోను ‘జీవన్’, ‘జగ్’ అను మాటలలో ఇదే భేదము. జడలోని హల్లును పలుకుచు, నాలుకను పండ్లకు పూర్తిగా ఆనింపక గాలిని జారనిచ్చినచో ఇంగ్లీషు ‘జూ’, ‘జీరో’ మాటల మొదటి హల్లు వచ్చును. తక్కినవి త్వరగా చెప్పుదును. ‘కాఫీ’ని ‘కాపీ’ అని త్రాగు మన అలవాటు ఇంటిలో ముద్దే గాని, ఆఫీసులో నకలు కాగితము తెమ్మన్నారనుకొని పరుగెత్తువారు కలరు. క్రింది పెదవిని పై పండ్లకు మెల్లగా తాకించి గాలి విడిచిన చాలును. అదే స్థానమున గొంతు మ్రోగించినచో బనియను ‘వెస్ట్’ వచ్చును. పండ్లతో పని లేక పెదవులను సున్నవలె చుట్టి విడిచినచో పడమటి ‘వెస్ట్’. ఎకారముతో మొదలగు పదములకు ముందు యకారమును, ఒకారముతో మొదలగు వానికి ముందు వకారమును చేర్చి ‘యెగ్జామ్’, ‘వొన్లీ’ అనుట మన నాలుకకు పుట్టుగుణము. తెలుగు మాటల మొదట యకారమును, వొ వోలును ఉండవని వ్యాకరణము శాసించినను మన నోరు వినలేదు, ఇంగ్లీషు మాస్టరు మాట వినుటకును కొంత కాలము పట్టును. పదాదిని ఊనికతో వచ్చు ప ట క లను ఇంగ్లీషువారు కొంచెము ఒత్తి, మరాఠీ ‘ఖూప్’లోని ఖకారమువలె గాలితో విడుతురు; మనము ఒత్తకున్నచో ‘పిన్’ అన్నది వారి చెవికి ‘బిన్’ అని వినబడును. పెదవుల యెదుట పలుచని కాగితము పట్టుకొని పలికినప్పుడు అది అల్లాడవలెను. ఇక దంతముల నడుమ నాలుక నుంచి పలుకు ఆ ప్రసిద్ధమైన ధ్వనిని గూర్చి నా అభిప్రాయము సూటిగా చెప్పుదును: మన థకార దకారములతో పలికినను మాట ఎవరికిని అందకపోదు. తీరిక యున్నప్పుడు నేర్చుకొనుడు, లేనప్పుడు విడిచిపెట్టుడు.

ఇప్పుడు ఊనిక. తెలుగున ప్రతి యక్షరమునకును తన మాత్ర తనకు దక్కును. లఘువు లఘువుగ, గురువు గురువుగ నిలిచియుండును; ఒకదానికొరకు మరియొకటి నలిగిపోదు. ఇంగ్లీషు అట్టి న్యాయమూర్తి కాదు. పదమునందు ఒక అక్షరమును సింహాసన మెక్కించి, దానిని గట్టిగ, దీర్ఘముగ, స్వరము మార్చి పలికి, చుట్టునున్న అక్షరముల అచ్చులను గుర్తుపట్టరానంతగ మింగివేయును. ‘ఫొటోగ్రాఫ్’ అనుటలో మొదటి అక్షరమునకు పట్టాభిషేకము. ‘ఫొటోగ్రాఫర్’ అనుటలో రెండవదానికి, అప్పుడు పదము ‘ఫటాగ్రఫ’ వలె వినబడును. ‘ఫొటోగ్రాఫిక్’ అనుటలో మూడవదానికి. మనము మూడింటిని ఒకే తీరున, అన్ని అక్షరములకు సమాన గౌరవమిచ్చి పలుకుదుము. ఆ సమాన గౌరవమే వినువాని కష్టము. వాని చెవి పదమును అచ్చులనుబట్టి కాక ఊనికనుబట్టి గుర్తించుటకు అలవాటుపడినది.

మనవారు తరచు తప్పు పలుకు మాటలు కొన్ని చూడుడు. ‘హోటల్’ మొదటి అక్షరముమీద కాదు, రెండవదానిమీద నిలువవలెను. ‘డెవలప్’, ‘ఈవెంట్’, ‘కమిటీ’ మూడును రెండవ అక్షరముననే ఊనిక గలవి. పత్తియో వడ్లో ఎన్ని క్వింటాళ్లని అడిగినవానికి ఒక్కమాటలో ‘థర్టీన్’ అని బదులు చెప్పునప్పుడు బరువు చివరి అక్షరమున పడవలెను, ‘థర్టీ’ అనునప్పుడు మొదటిదానిమీద పడవలెను. లేనిచో పదమూడునకును ముప్పదికిని నడుమ పదునేడు క్వింటాళ్లు గాలిలో కలిసిపోవును. బల్లార్షా టేకు వ్యాపారమున దిగినవారికి అటవీశాఖ ‘పర్మిట్’ నిత్యము అవసరము: అది కాగితమైనచో ఊనిక మొదట, అనుమతించుట యను క్రియయైనచో చివర. ‘రికార్డ్’, ‘ఇంపోర్ట్’ మొదలగు మాటలకును ఇదే న్యాయము.

ఇదంతయు కంఠస్థము చేయవలసినదేనా యని నిరాశపడవద్దు. కొన్ని ప్రత్యయములు ఊనికను తామే నిర్ణయించును. ‘-షన్’ అని ముగియు మాటలలో దానికి ముందరి అక్షరముపై ఊనిక: ఎడ్యుకేషన్‌లో ‘కే’ పైన, ఎగ్జామినేషన్‌లో ‘నే’ పైన. ‘-ఇటీ’ అని ముగియు మాటలలోను ప్రత్యయమునకు ముందే: యూనివర్సిటీలో ‘వర్’ పైన. ‘-ఇక్’ అని ముగియు మాటలలో సాధారణముగ ఇట్లే: ఎకనామిక్‌లో ‘నా’ పైన. ఇంటర్వ్యూలకు పోవువారు తమ చదువును గూర్చి చెప్పు వాక్యములలో ఈ మూడు తరగతుల మాటలే ఎక్కువగ వచ్చును గావున, ఈ ఒక్క సూత్రము పట్టుబడినను ఫలము కనబడును.

పదములలోవలెనే వాక్యమునందును దొరలు, బంట్లు ఉందురు. ‘ఐ వెంట్ టు ద మార్కెట్ ఫర్ రైస్’ అను వాక్యమున వెంట్, మార్కెట్, రైస్ అను మూడే నిలిచి వినబడవలెను. టు, ద, ఫర్ అనునవి వాని చాటున జారిపోవలెను. పద్యపాదమునకు గురులఘువులు గుర్తించి గణవిభజన చేసిన ప్రతి తెలుగు విద్యార్థికిని ఇచట ఒక అభ్యాసము సులభము: ఇంగ్లీషు వాక్యమును వ్రాసి, ఊనిక పడు అక్షరములపై పెన్సిలుతో గీత గీయుట. తేడా యొక్కటే. గురువును అక్షరము చూచియే చెప్పవచ్చును. ఊనికను అక్షరము చూచి చెప్పలేము, పదముతో బాటు నేర్చుకొనవలెను. హార్న్‌బీ కూర్చిన విద్యార్థి నిఘంటువును ఆక్స్‌ఫర్డువారు 1948లో వెలువరించిరి. నేడు దొరకు దాని ముద్రణములలో ఊనికగల అక్షరమునకు ముందు పైభాగమున చిన్న నిలువుగీత యుండును. పదమునకు అర్థము చూచి పుస్తకము మూయువాడు సగము మాత్రమే చూచినవాడు.

పలుకుటకు ముందు వినుట. గిడుగు రామమూర్తి సవర భాషను నేర్చిన తీరు ఈ విషయమున అందరును తెలిసికొనదగినది. 1863లో జన్మించిన ఆ మహనీయుడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగ నుండి, లిపిలేని సవరల భాషను ఆ జాతివారి నోటినుండి చెవితో పట్టి, ధ్వనిధ్వనికిని గుర్తు కల్పించుకొని, చివరకు 1931లో దాని వ్యాకరణమును ఇంగ్లీషులో ప్రకటించెను. సవర కొండలలో తగిలిన మలేరియాకు వాడిన క్వినైను ఆయన వినికిడిని హరించెను. చెవిని నమ్మి పనిచేసినవానికి చెవియే పోయినది. ఆయన వాడుకభాషకు పోరాడినవాడు గావున ఈ నా వాక్యముల పోకడ చూచినచో మందలించియుండును, అది వేరు సంగతి. ఆయన మార్గమునుండి మనము తీసికొనవలసినది ఇది: మొదట వ్రాతను మరచి వినవలెను. రేడియోలోనో ఫోనులోనో ఒక నిమిషము నిడివి గల ఇంగ్లీషు వార్తను పుస్తకము లేకుండ వినుడు. ఊనిక పడినచోటనెల్ల వ్రేలితో బల్లమీద తట్టుడు. అర్థము కాకపోయినను తట్టుడు. అటుపిమ్మట అదే వార్తను చదువరితో బాటు పలికి, ఫోనులో పట్టి, రెండింటిని ఒకదాని వెంట ఒకటి వినుడు. దినమునకు పావుగంట చాలును. గంటలకొలది చేసి మూడవనాడు మానివేయుటకన్న ఇది మేలు.

ఐతే తన గొంతును తానే పరీక్షించుకొనువానికి ఒక ప్రమాదము కలదు. తాను చెప్పదలచినది తనకు ముందే తెలియును గావున, చెప్పనిదియు వినబడినట్లే యుండును. తెలుగు మిత్రునితో అభ్యసించినను ఇదే చిక్కు: మన ‘లేటు’ వాని చెవిలో తనంతట తానే సరియై కూర్చుండును. ఈ పనికి తెలుగు రాని చెవి కావలెను. గోండ్‌పిప్రిలో అట్టి చెవులకు కొదవ లేదు. పక్కింటి మరాఠీ మిత్రుని ‘భావూ, నేను చెప్పు పది వాక్యములు విని, వినబడినది వినబడినట్లు వ్రాయుము’ అని కోరి, అతనికి మీ కాగితము చూపక, ఒక్కొక్క వాక్యమును ఒక్కసారి మాత్రమే పలుకుడు. వ్రాసి యిచ్చిన కాగితమున ‘కాఫీ’కి బదులు ‘కాపీ’ కనబడినచోట మీ పెదవి తప్పినది. పదమే గుర్తింపక ఖాళీ విడిచినచోట చాలమారులు ఊనిక తప్పియుండును. నకలు వ్రాయించి తప్పులెన్ను ఈ పద్ధతియే, వినువారిచేత వ్రాయించి చూచు పరిశోధకుల పద్ధతికి గృహరూపము. పిమ్మట పాత్రలు మార్చుకొనుడు. మరాఠీవారికిని ఊనికలో మనవంటి కష్టములే కలవు, ఇరువురకును లాభము.

ఈ అధ్యాయము చదివి ముగించిన దినముననే చేయదగిన పని యొకటి చెప్పుచున్నాను. మీ పేరు, ఊరు, చదువు, చేసిన పని, కోరు ఉద్యోగము అను ఐదింటిని గూర్చి ఐదు ఇంగ్లీషు వాక్యములను ఇంగ్లీషు లిపిలోనే వ్రాయుడు. ఒక్క అక్షరమునకు మించిన ప్రతి పదమును నిఘంటువున చూచి ఊనికకు గీత గీయుడు. హల్లుతో ముగియు పదముల క్రింద చుక్క పెట్టుడు. ఆ కాగితము జేబులో నుంచుకొని, ఆ ఐదు వాక్యములు మీ మరాఠీ మిత్రుడు తప్పులేకుండ వ్రాయగలుగు వరకు వేరే పాఠమునకు పోవలదు.